కిడ్నీ రోగికి రెస్ట్ ఒక్కటే మందా? కుర్చీ వ్యాయామంపై స్టూడియో చర్చ

యాంకర్: నమస్కారం. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలోని కిడ్నీ జబ్బు గురించి ఎప్పుడు మాట్లాడినా నీళ్లు, మందులు, డయాలసిస్ బెడ్ల దగ్గరే ఆగిపోతున్నాం. 2023 డిసెంబర్‌లో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి ప్రారంభమైంది, వైద్యం కొంత దగ్గరైంది. మరి డయాలసిస్ చేయించుకుని ఇంటికొచ్చిన మనిషి మంచం దిగలేకపోతుంటే ఏం చేయాలి? అమ్మా, మీది కవిటి మండలం కదా, మీ మామగారి సంగతి చెప్పండి.

కోడలు: జీడితోటల్లో పొద్దస్తమానం తిరిగిన మనిషండీ. వారానికి మూడుసార్లు డయాలసిస్ మొదలయ్యాక నడక తగ్గిపోయింది. ఇప్పుడు బాత్రూమ్‌కి వెళ్లాలన్నా ఒకరు రెక్క పట్టుకుని లేపాలి. చూడ్డానికొచ్చిన వాళ్లంతా కదలకుండా రెస్ట్ తీసుకోమనే చెబుతారు. మేమూ అదే మంచిదనుకున్నాం.

నెఫ్రాలజిస్ట్ (కిడ్నీ డాక్టర్): చాలా ఇళ్లలో ఇదే జరుగుతోందమ్మా, నాకు బాధనిపించేదీ ఇదే. కిడ్నీ జబ్బే కండను కరిగిస్తుంది. రక్తంలో ఆమ్లం పెరుగుతుంది, ఆకలి చచ్చిపోతుంది, ప్రొటీన్ చాలదు. దానికి తోడు వారంలో మూడు రోజులు నాలుగేసి గంటలు బెడ్ మీదే. తొడల్లో బలం పోతే మనిషి లేవలేడు. కిడ్నీ వైద్యంపై కేడిగో అనే అంతర్జాతీయ సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాలు వారానికి 150 నిమిషాల వ్యాయామం చేయమంటాయి, అదీ గుండె తట్టుకున్నంత మేరకే. మీ మామగారు ఐదు నిమిషాలతో మొదలుపెట్టినా చాలు.

యాంకర్: నిలబడలేని మనిషి ఏం చేయగలరు మేడమ్?

ఫిజియోథెరపిస్ట్: చేతులున్న గట్టి కుర్చీని గోడకు ఆనించి వేయండి. జారిపోయే ప్లాస్టిక్ కుర్చీ వద్దు. పాదాలు రెండూ నేలకు ఆనాలి. ఒక కాలు ముందుకు చాపి, ఐదు లెక్కపెట్టి దించాలి. తొడ మీద చెయ్యి వేస్తే కండ బిగుసుకోవడం తెలుస్తుంది. ఒక్కో కాలికి ఎనిమిదో పదో సార్లు. ఊపిరి బిగబట్టకూడదు, అంకెలు పైకి లెక్కపెడితే సరిపోతుంది. తర్వాత కూర్చునే నడుస్తున్నట్టు మోకాళ్లు లేపడం, మడమలు ఎత్తి దించడం.

అన్నిటికంటే నేను పట్టుబట్టేది కుర్చీలోంచి లేవడం గురించి. మొదట్లో కుర్చీ చేతుల మీద బరువు మోపి, కాస్త పైకి లేచి మళ్లీ కూర్చున్నా చాలు. మీరు పక్కనే ఉండండి, రెక్క పట్టి మాత్రం లాగొద్దు. లాగితే పని మీ చేతులు చేస్తాయి, ఆయన తొడలు చేయవు.

కోడలు: ఎడమ చేతికి ఫిస్టులా ఉందండీ, డయాలసిస్ సూదులు గుచ్చడానికి ఆపరేషన్ చేసి రక్తనాళాలు కలిపారు. ఆ చెయ్యి కదపొచ్చా?

నెఫ్రాలజిస్ట్: సూదులు లేనప్పుడు కదపొచ్చు, గుప్పిట మూసి తెరవొచ్చు. బరువులు మాత్రం డాక్టర్ని అడక్కుండా ఎత్తొద్దు. సూదులు ఉన్నంతసేపు ఆ చెయ్యి కదలకూడదు, కాళ్లు కదపొచ్చు. జర్మనీలో 21 డయాలసిస్ కేంద్రాల్లో 900 మందికి పైగా రోగులతో చేసిన అధ్యయనం 2023లో వచ్చింది. డయాలసిస్ జరుగుతుండగానే ఏడాది పాటు వ్యాయామం చేసినవాళ్లు నిమిషంలో కుర్చీలోంచి లేచి కూర్చునే సంఖ్య సగటున 16 నుంచి 19కి పెరిగింది. చేయనివాళ్లలో తగ్గింది.

యాంకర్: మన సెంటర్లలో అది సాధ్యమేనా?

నెఫ్రాలజిస్ట్: ఎందుకు కాదు? కాళ్ల వ్యాయామానికి పెద్ద మెషిన్లు అక్కర్లేదు, నేర్పే ఫిజియోథెరపిస్ట్ కావాలి. ప్రతి సెంటర్‌కీ ఒకరిని వేయమని మనం గట్టిగా అడగాలి. అయితే మొదటి రెండు గంటల్లోనే చేయించాలి. తర్వాత మెషిన్ ఒంట్లోని నీరు లాగేకొద్దీ బీపీ పడిపోవచ్చు.

కోడలు: ఇంట్లో చేయిస్తుంటే ఏమైనా అవుతుందేమోనని టెన్షన్‌గా ఉందండీ.

నెఫ్రాలజిస్ట్: ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, మాట్లాడలేనంత ఆయాసం, వీటిలో ఏది వచ్చినా వెంటనే ఆపి ఆసుపత్రికి ఫోన్ చేయండి. జ్వరం ఉన్నా, వాపు పెరిగి పడుకుంటే ఊపిరి ఆడకపోయినా ఆ రోజు అసలు మొదలుపెట్టొద్దు. డయాలసిస్ తప్పినప్పుడూ అంతే. అది తప్పితే రక్తంలో పొటాషియం పెరుగుతుంది, దాంతో గుండె లయ తప్పొచ్చు.

ఫిజియోథెరపిస్ట్: డయాలసిస్ అయిన రోజు నీరసంగా ఉంటే వదిలేయండి. మర్నాడు ఎండెక్కకముందే చేయించండి. నీళ్లు కొలిచి తాగేవాళ్లకు చెమట పట్టి దాహం వేస్తే చాలా కష్టం.

కోడలు: రేపు డయాలసిస్ ఉంది. ఎల్లుండి మొదలుపెట్టొచ్చా మేడమ్?

ఫిజియోథెరపిస్ట్: రేపు అక్కడి డాక్టర్‌తో గుండె, బీపీ సంగతి మాట్లాడండి. సరేనంటే ఎల్లుండి పొద్దున కాలు చాపడం ఒక్కటే చేయించండి. వారం పోయాక లేవడం కలపండి.