మాట వినిపిస్తోంది, బొమ్మ రావట్లేదు: ఎల్‌ఈడీ టీవీ బ్యాక్‌లైట్ సంగతి

[తెరపై: నల్లగా ఉన్న టీవీ. సీరియల్ మాటలు మాత్రం వినిపిస్తుంటాయి.]

మాటలు వినపడుతున్నాయి, రిమోట్ నొక్కితే చానల్ మారుతోంది, తెర మాత్రం నలుపు. మెకానిక్ రాకముందే ఇంట్లో "ప్యానెల్ (బొమ్మ చూపే తెర) పోయింది" అని తేల్చేస్తారు. ఆగండి. గదిలో లైటార్పి, టార్చి తెరకి ఆనించినంత దగ్గరగా, ఏటవాలుగా పట్టి మెనూ నొక్కండి.

[దగ్గరగా: టార్చి వెలుగులో లీలగా మెనూ అక్షరాలు.]

అక్షరాలు కనిపించాయా? అయితే బొమ్మ ఉంది, వెనక వెలుగే లేదు. ఎల్‌ఈడీ టీవీ అని పేరేగానీ తెర ఎల్‌సీడీయే, దానికి సొంత వెలుగు ఉండదు. వెనకున్న ఎల్‌ఈడీ పట్టీలే, అంటే స్ట్రిప్పులే వెలగాలి. ఓఎల్‌ఈడీ టీవీలో తెరే సొంతంగా వెలుగుతుంది, బ్యాక్‌లైటే ఉండదు, ఈ పరీక్ష దానికి పనికిరాదు.

స్ట్రిప్పులోని ఎల్‌ఈడీలు పండక్కి కట్టే సీరియల్ లైట్ల లాంటివి. ఒక్కటి కాలితే వరసంతా ఆరుతుంది. ఆన్ చేయగానే సెకను పాటు వెలిగి ఆరిపోతోందంటే అనుమానం మరింత బలపడుతుంది.

[తెరపై: విప్పిన స్ట్రిప్పు, దాని మీద అచ్చైన కోడ్.]

చెన్నైలో అయితే మౌంట్ రోడ్డు పక్కన ఎలక్ట్రానిక్స్ సామాన్లు దొరికే రిచ్చీ స్ట్రీట్‌కి పాత స్ట్రిప్పు పట్టుకుని వెళ్లండి. టీవీ మోడల్ చెబితే చాలదు, ఒకే మోడల్‌లో రెండు రకాల ప్యానెళ్లు వస్తుంటాయి. కోడ్, పొడవు, ఎల్‌ఈడీల సంఖ్య, కనెక్టరు కలవాలి. అన్నిటికన్నా ముఖ్యం వోల్టేజి: 3 వోల్టులవా, 6 వోల్టులవా? 18 ఎల్‌ఈడీలు వరసగా ఉంటే మొదటి రకానికి 54 వోల్టులు చాలు, రెండో రకానికి 108 కావాలి. 3 వోల్టుల చోట 6 వోల్టులవి పెడితే బోర్డు అంత ఇవ్వలేక ఆగిపోతుంది. కాలిన ఒక్కటే మార్చకండి, సెట్టు మొత్తం మార్చండి. మిగతావీ అదే వేడికి అన్నే గంటలు మగ్గాయి.

విప్పడం మాత్రం చెయ్యి తిరిగినవాళ్ల పనే. ప్లగ్ తీశాక కూడా పవర్ బోర్డులో కరెంటు నిలవ ఉంచే కెపాసిటర్‌లో 300 వోల్టులు దాటి నిలిచి ఉండొచ్చు. అంతకన్నా ఎక్కువగా జరిగే నష్టం, ప్యానెల్ ఎత్తేటప్పుడు అంచునున్న పల్చటి రిబ్బన్లు చిరగడం. అప్పుడు ప్యానెల్ నిజంగానే పోతుంది. ఇద్దరు పట్టుకుని సమంగా ఎత్తాలి. మధ్యలో ఉండే, వెలుగును సమంగా పరిచే డిఫ్యూజర్ షీట్ల వరస తారుమారైతే బొమ్మ మచ్చలు మచ్చలుగా వస్తుంది, తీసేటప్పుడే ఫోటో తీసుకోవాలి.

[తెరపై: పిక్చర్ సెట్టింగ్స్.]

కొత్త స్ట్రిప్పులు వేశాక వివిడ్ మోడ్ వదిలి సినిమా మోడ్ పెట్టండి, బ్యాక్‌లైట్ 100 నుంచి 60కి దించండి. కరెంటు తగ్గితే వేడీ తగ్గుతుంది. చాలా టీవీల్లో బ్రైట్‌నెస్ అనేది వేరే సంగతి. అది దించితే నలుపు మరింత నల్లబడుతుందంతే, ఎల్‌ఈడీ వేడి తగ్గదు.