ఒరెగాన్‌లో హవాయి పిల్లలు

శ్రోతలకు నమస్కారం.

అమెరికా చదువు అనగానే మన ఇళ్లలో మొదట వినిపించేది వీసా టెన్షన్. హవాయి ద్వీపాల పిల్లలకు ఆ గొడవ లేదు. 1959లో హవాయి అమెరికాకు 50వ రాష్ట్రమైంది కాబట్టి అమెరికా పడమటి తీరంలోని ఒరెగాన్ రాష్ట్రంలో చదవడానికి విమానం టికెట్ ఉంటే చాలు. అయినా బెంగ బెంగే. హవాయి రాజధాని హొనొలులు నుంచి ఒరెగాన్‌లోని పోర్ట్‌లాండ్‌కు సముద్రం మీద ఐదు గంటల పైచిలుకు ప్రయాణం. శీతాకాలమంతా వదలని ముసురు. నవంబరులో థ్యాంక్స్‌గివింగ్ సెలవులిస్తే చుట్టుపక్కల పిల్లలు కార్లెక్కి ఇళ్లకు పోతారు. ఆ నాలుగు రోజుల కోసం ద్వీపాలకు వెళ్లి రావడం ఎందరి వల్ల అవుతుంది?

అసలు ఆ ప్రాంతానికి హవాయి వాళ్లు కొత్తేమీ కాదు. 19వ శతాబ్దంలోనే బొచ్చు తోళ్ల వ్యాపారంలో కూలీలుగా వచ్చి, కొలంబియా నది ఒడ్డున ఫోర్ట్ వాంకూవర్ దగ్గర కాపురాలున్నారు. ఒరెగాన్‌లో పారే ఓవైహీ నదికి ఆ పేరు హవాయి నుంచి వచ్చిందే.

ఇప్పుడు పోర్ట్‌లాండ్‌కు పడమర ఫారెస్ట్ గ్రోవ్ అనే చిన్న ఊళ్లో పసిఫిక్ యూనివర్సిటీ ఉంది. అక్కడ హవాయి పిల్లలు బాగా ఎక్కువ. 'నా హౌమానా ఓ హవాయి' అనే వాళ్ల సంఘం ఏటా వసంతకాలంలో లూఆవు జరుపుతుంది. అంటే విందు, ఆటపాటలు కలిసిన పండగ. ద్వీపాల నుంచి తల్లిదండ్రులు కూడా పూలూ ఆకులూ మోసుకొచ్చి వంటలో, అలంకరణలో చెయ్యి వేస్తారు. హవాయిలో అయితే గొయ్యి తవ్వి, కాల్చిన రాళ్ల మీద ఆకులు పరిచి, పంది మాంసాన్ని గంటల తరబడి మగ్గబెడతారు. తవ్వే వీలు లేనిచోట ఓవెన్‌తో సరిపెట్టుకుంటారు. పక్కన 'పోయి' అనే వంటకం ఉండాల్సిందే. మన చేమదుంప లాంటి దుంపనే ఉడికించి, దంచి, నీళ్లు కలిపి జారుగా చేస్తారు. కొత్తవాళ్లు ఒక్క ముద్దతో మొహం చిట్లిస్తారు లెండి.

చూసేవాళ్లకు ఆ ఒక్క సాయంత్రమే కనిపిస్తుంది. నా మటుకు అంతకుముందు హులా అనే హవాయి నాట్యానికి సాగే ప్రాక్టీసులే అసలు సంగతి. 1896 నాటి చట్టం హవాయి బడుల్లో ఇంగ్లిషునే బోధనా భాష చేసింది. ఆ తర్వాత ఎన్నో ఇళ్లలో సొంత భాష తాతల తరంతోనే ఆగిపోయింది. 1978లో గానీ దానికి మళ్లీ అధికార భాష హోదా రాలేదు. అందుకే ఊళ్లో ఉండగా హులా జోలికి పోని పిల్లలు కూడా ఇక్కడికొచ్చాక సీనియర్ల దగ్గర మొదటి అడుగు నేర్చుకుంటారు. పాటలో వాన అంటే వేళ్లు వానగా రాలాలి, అల అంటే చెయ్యి అలగా లేవాలి. అందుకని ముందు పాట అర్థం తెలియాలి. అలా కాస్త భాష కూడా పట్టుబడుతుంది. రోజూ ఒకచోట చేరడంతో ఎవరు దిగులుగా ఉన్నారో, ఎవరు తిండి మానేశారో కూడా బయటపడుతుంది. ఆఫీసులో కౌన్సెలర్ ఎంత మంచివాడైనా అతని దాకా ఈ సంగతులు అంత త్వరగా చేరవు.

ఇలాంటి సంఘాలు వాషింగ్టన్, కాలిఫోర్నియా కాలేజీల్లోనూ ఉన్నాయి. చాలాచోట్ల హవాయితో ఏ చుట్టరికమూ లేనివాళ్లు కూడా చేరి హులా ఆడతారు. నడుము ఒక వైపు, చేతులు ఇంకో వైపు పోతుంటే పక్కనున్న సీనియరు పాట ఆపించి మళ్లీ మొదటి నుంచీ చేయిస్తుంది.