ఇన్వర్టేజ్‌ను కొలిచిన తీరు

అందరికీ నమస్కారం. బయోకెమిస్ట్రీ చదివినవాళ్లలో మైకేలిస్–మెంటెన్ సమీకరణం రాయనివాళ్లు ఉండరు. ఎంజైమ్ (జీవకణాల్లో చర్యలను వేగవంతం చేసే ప్రొటీన్) పనిచేసే వేగం, దానికి అందే పదార్థం గాఢతను బట్టి ఎలా మారుతుందో అది చెబుతుంది. కేఎం (ఎంజైమ్ గరిష్ఠ వేగంలో సగం అందుకునే గాఢత) అంటే ఏమిటో గడగడా చెప్పేస్తాం. ఆ సమీకరణం ఏ ఎంజైమ్ మీద నిలబడిందని అడిగితే మాత్రం చాలామంది తడుముకుంటారు. అది ఈస్ట్ నుంచి తీసిన ఇన్వర్టేజ్.

చక్కెరను గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌లుగా విడగొట్టడం దీని పని. ఈస్ట్ కణంలో ఇది ఎక్కువగా పొరకు బయటే ఉంటుంది. అందుకే బేకరీ ఈస్ట్‌ను చక్కెర నీళ్లలో కలిపినా చర్య మొదలవుతుంది. చౌక, పైగా తొందరగా పాడవదు. కాలేజీ ప్రాక్టికల్స్‌కు ఇది బాగా సరిపోతుంది. గ్లూకోజ్, ఫ్రక్టోజ్ తగిలితే రంగు మారే డీఎన్ఎస్ అనే రసాయనం కలిపి మరిగిస్తే ఉత్త చక్కెర ఉన్న ట్యూబు పసుపుగానే ఉండిపోతుంది, ఎంజైమ్ వేసింది ఎర్రబారుతుంది.

చక్కెర ద్రావణం ధ్రువిత కాంతిని (ఒకే తలంలో కంపించే కాంతిని) కుడివైపు తిప్పుతుంది, విడిపోయాక వచ్చే మిశ్రమం ఎడమవైపు. కాబట్టి కాంతి ఎంత తిరిగిందో కొలిచే పోలారిమీటర్‌లో చూస్తే చర్య ఎంతవరకు వచ్చిందో తెలియాలి. చిక్కంతా ఇక్కడే ఉంది. అప్పుడే విడుదలైన గ్లూకోజ్ ఆల్ఫా అనే రూపం నుంచి బీటా అనే మరో రూపానికి మెల్లగా మారుతుంటుంది. దాంతోపాటు రీడింగూ మారుతూ పోతుంది. ఆ అంకెను నమ్మి ఎంజైమ్ వేగం కట్టలేం. 1903లో విక్టర్ ఆన్రీ అనే శాస్త్రవేత్త ఈ సమీకరణం దాదాపు సరిగానే రాశాడు గానీ, ఈ మార్పునీ, ద్రావణం ఆమ్లతను చెప్పే పీహెచ్‌నీ లెక్కలోకి తీసుకోలేదు.

1913లో బెర్లిన్‌లో లియోనార్ మైకేలిస్, మాడ్ మెంటెన్ ఈ ముడి విప్పారు. ఎసిటేట్ బఫర్‌తో పీహెచ్ కదలకుండా చూశారు. మధ్యమధ్యలో కొంత ద్రావణం తీసి క్షారం కలిపారు. క్షారం పడగానే ఎంజైమ్ ఆగిపోతుంది, గ్లూకోజ్ కూడా చప్పున స్థిరపడుతుంది. ఆ తర్వాతే రీడింగ్. ఎంత చక్కని ఉపాయమో చూడండి! గ్లూకోజ్, ఫ్రక్టోజ్ పోగయ్యేకొద్దీ ఎంజైమ్‌ను అడ్డుకుంటాయి కాబట్టి తొలి వేగాన్నే లెక్కకు తీసుకున్నారు. కేఎం లీటరుకు 0.0167 మోల్ వచ్చింది.

మెంటెన్ కెనడా నుంచి వచ్చిన డాక్టర్. పేరు ప్రతి పాఠ్యపుస్తకంలో ఉన్నా, పిట్స్‌బర్గ్‌లో ఆవిడకు ఫుల్ ప్రొఫెసర్ హోదా దక్కింది రిటైర్మెంట్ దగ్గరపడ్డాకే. తలచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

ప్రాక్టికల్స్ చేయించే లెక్చరర్లను ఒకటి కోరుతున్నాను. పది నిమిషాలయ్యాక తీసే ఒక్క రీడింగ్‌తో సరిపెట్టకండి. మొదటి నిమిషాల్లోనే అరనిమిషానికోసారి శాంపిల్ తీయించండి. గ్రాఫు ఎక్కడ వంగుతోందో పిల్లల్నే కనిపెట్టనివ్వండి.