పొద్దున పన్నెండింటి బస్సు

అందరికీ నమస్కారం. గ్రంథాలయ వారోత్సవాలు కదా, "మీ ఆఫ్రికా ప్రయాణం గురించి అరగంట మాట్లాడండి మేడమ్" అన్నారు లైబ్రేరియన్ గారు. సింహాల ఫొటోలు ఉంటాయని పిల్లలు ముందు వరసలో చేరినట్టున్నారు. వాళ్ళకి ముందే చెప్పేస్తున్నా, నా దగ్గర సింహం ఫొటో ఒకటే ఉంది. అందులోనూ తోకే కనిపిస్తుంది.

ఇరవై ఎనిమిదేళ్ళు స్కూల్లో లెక్కలు చెప్పి, ముందుగానే రిటైర్మెంట్ తీసుకుని, ఐదు నెలలు కెన్యా, ఉగాండా, రువాండా, టాంజానియాలలో ఒక్కదాన్నే తిరిగాను. అందులో సఫారీకి పోయినవి మూడు రోజులు. మిగతా నూట నలభై ఏడు రోజులు ఏం చేశావని ఇప్పటిదాకా నన్నెవరూ అడగలేదు. ఇవాళ చెప్పేది వాటి గురించే.

ముందు బస్సు తప్పిపోయిన కథ. రువాండా సరిహద్దు దాటి టాంజానియాలోకి వచ్చాక, కహామా అనే ఊళ్ళో మ్వాంజాకి టికెట్ కొన్నాను. గుమస్తా దాని మీద 12 అని రాసి, "అసుబుహి, అసుబుహి" అని రెండుసార్లు చెప్పాడు. బస్సు కంపెనీ పేరేమో అనుకున్నాను. మర్నాడు పదకొండున్నరకల్లా బ్యాగు మోసుకుని వెళ్తే బస్సు లేదు. అది తెల్లవారి ఆరింటికే పోయిందట. అసుబుహి అంటే పొద్దున.

అక్కడ స్వాహిలీ భాష మాట్లాడేవాళ్ళు గంటలు లెక్కపెట్టేది సూర్యోదయం నుంచి. భూమధ్యరేఖ పక్కనే ఉన్న దేశాలు కాబట్టి ఏడాది పొడవునా పొద్దు పొడిచే వేళలో పెద్ద తేడా ఉండదు. మనకి పొద్దున ఏడయితే వాళ్ళకి ఒంటిగంట, మన ఆరు వాళ్ళ పన్నెండు. కెన్యాలో ఇంగ్లిష్‌తో నెట్టుకొచ్చాను కాబట్టి ఈ సంగతి నాకు తెలియనే లేదు. కిటుకు చాలా తేలిక: గడియారంలో చిన్న ముల్లుకి సరిగ్గా ఎదురుగా ఉన్న అంకె చదివితే అదే స్వాహిలీ టైము. లెక్కల టీచరుకి ఇది తట్టడానికి బస్సు తప్పిపోవాల్సి వచ్చింది! నిజానికి మనకిది కొత్తేమీ కాదు. మా తాతగారు పంచాంగం ముందేసుకుని "పొద్దెక్కి నాలుగు ఘడియలైంది" అనేవారు. ఆయన్ని తీసుకెళ్ళి ఉంటే బస్సు దొరికేది.

బయల్దేరే ముందు పనులు కొన్ని ఉన్నాయి, గబగబా చెప్పేస్తాను. యెల్లో ఫీవర్ టీకా తప్పదు. నేను హైదరాబాద్ నారాయణగూడలో ఐపీఎం అనే ప్రభుత్వ సంస్థలో వేయించుకున్నాను. వేసుకున్న పది రోజుల తర్వాతే సర్టిఫికెట్ చెల్లుతుంది, ఆ తర్వాత జీవితాంతం పనికొస్తుంది. ఆ పసుపుపచ్చ కార్డు పోగొట్టుకుంటే తిరిగొచ్చేటప్పుడు మన ఎయిర్‌పోర్టులోనే ఆరు రోజుల దాకా విడిగా ఉంచొచ్చు. కెన్యా, ఉగాండా, రువాండా మూడింటికీ కలిపి తొంభై రోజుల వీసా ఒకటుంది, వంద డాలర్లు. టాంజానియాకి వేరే తీసుకోవాలి. డాలర్ నోట్లు 2006కి ముందు అచ్చయినవైతే డబ్బు మార్చేవాళ్ళు ముట్టుకోరు. కొంచెం చిరిగినా అంతే. కొత్త పెళ్ళికూతురి చీరలా మడత నలగకుండా దాచుకోవాలి.

ఇంకో మాట, ప్లాస్టిక్ కవర్లు. రువాండాలో 2008 నుంచి, కెన్యాలో 2017 నుంచి, టాంజానియాలో 2019 నుంచి నిషేధం. రువాండా సరిహద్దులో నా బ్యాగు తీసి, కందిపొడి కట్టుకొచ్చిన కవర్లన్నీ లాక్కున్నారు. పొడి మాత్రం ఇచ్చేశారు, న్యూస్‌పేపర్లో! అక్కడి నుంచి వారం రోజులు నా బట్టలన్నీ ఇంగువ వాసన.

ఎక్కువకాలం తిరిగితే ప్రయాణం కాస్తా కాపురం అయిపోతుంది. మూడు రోజులుంటే హోటల్ వాళ్ళు బట్టలు ఉతికిస్తారు. మూడు నెలలంటే బకెట్టూ, సబ్బూ, తీగా మనమే చూసుకోవాలి. ఉగాండాలో ఓ పని అదనం. తడి బట్టలు బయట ఆరేస్తే ఒకరకం ఈగ వాటిమీద గుడ్లు పెడుతుంది. ఆ బట్ట తొడుక్కుంటే పురుగు చర్మంలోకి దూరి కురుపవుతుంది. అందుకని లోపలి బట్టలతో సహా అన్నీ ఇస్త్రీ చేయాల్సిందే. కరెంటు పోతే బొగ్గుల ఇస్త్రీపెట్టె. నీళ్ళంటే ఇరవై లీటర్ల పసుపుపచ్చ క్యాన్లు, ఉగాండాలో ఏ మలుపు తిరిగినా అవే. చిన్నప్పుడు వీధి పంపు దగ్గర బిందెలు వరస పెట్టినదాన్ని కాబట్టి నాకదేమీ కష్టం అనిపించలేదు. మా గెస్ట్ హౌస్‌లో దిగిన యూరప్ పిల్లలు కరెంటు పోతే ఫొటోలు తీసుకునేవాళ్ళు. నేను అలవాటుగా వరండాలోకి వచ్చి కూచునేదాన్ని.

బస్సులూ అంతే. కెన్యాలో మటాటు, టాంజానియాలో డలాడలా. పేరేదైనా మన షేర్ ఆటో ధర్మమే, నిండితేనే కదులుతుంది. నిండడం అంటే ఏమిటనేది డ్రైవరు ఇష్టం. డలాడలా కండక్టర్ని "కోండా" అంటారు. పద్నాలుగు సీట్ల బండిలో ఇరవై రెండోవాడిగా అతను తలుపుకి వేలాడుతుంటాడు.

తిండి సంగతి చెప్పాలి. అక్కడి ముఖ్యమైన తిండి ఉగాలి. తెల్ల మొక్కజొన్న పిండితో గట్టిగా కెలికిన సంకటి అనుకోండి. ముద్ద చేసి, బొటనవేలితో గుంట చేసి, ఆకుకూర ముంచుకుని తింటారు. మా అమ్మమ్మది కదిరి వైపు. రాగి సంకటి తిని పెరిగిన చెయ్యి నాది, మొదటి ముద్దకే వంటావిడ నవ్వి "నీకు వచ్చే!" అంది. ఆ ఆకుకూర పేరు సుకుమా వికీ. సుకుమా అంటే నెట్టడం, వికీ అంటే వారం. జీతం డబ్బులు అయిపోయాక వారాన్ని నెట్టుకొచ్చే కూర. ఇల్లు నడిపిన వాళ్ళెవరికీ దీనికి వివరణ అక్కర్లేదు. కారం మాత్రం ఉండదు, ఎవరిది వాళ్ళే తీసుకెళ్ళాలి.

మాటల్లోనూ మనవి తగులుతూనే ఉంటాయి. దుకాణం అక్కడ "దుకా", బండి "గారి", గోనె సంచి "గునియా", ఇన్సూరెన్స్ "బీమా". చపాతీ చపాతీయే. కెన్యాలో 2007 నుంచి మామూలు బటన్ ఫోన్లోనే డబ్బు పంపుకునే ఎం-పెసా ఉంది. మన యూపీఐ కంటే తొమ్మిదేళ్ళు ముందు, ఇంటర్నెట్ కూడా అక్కర్లేదు. అందులో పెసా మన పైసాయే అంటారు.

ఈ మాటలు వాటంతట అవి సముద్రం దాటలేదు. గుజరాత్ వ్యాపారులు ఎప్పటి నుంచో తీరానికి వస్తూ పోతూ ఉన్నారు. 1896లో మొంబాసా నుంచి బ్రిటిష్ వాళ్ళు రైలుమార్గం మొదలుపెట్టినప్పుడు మన దేశం నుంచి, ఎక్కువగా పంజాబు నుంచి, సుమారు 32 వేలమందిని పనికి తీసుకెళ్ళారు. 1901లో రైలు విక్టోరియా సరస్సు చేరేసరికి వాళ్ళలో రెండున్నర వేలమంది దాకా చనిపోయారు. చాలామంది తిరిగొచ్చేశారు. కొందరు ఉండిపోయారు. పట్టాల వెంబడి దుకాణాలు పెట్టింది ఎక్కువగా గుజరాత్ నుంచి వచ్చిన వ్యాపారులే. 1972లో ఉగాండా నియంత ఈదీ అమీన్ అక్కడి ఆసియా వాళ్ళని తొంభై రోజుల్లో వెళ్ళిపొమ్మన్నప్పుడు, పోవాల్సి వచ్చినవాళ్ళలో ఈ దుకాణాల వాళ్ళూ ఉన్నారు.

ఇదంతా చదువుకునే వెళ్ళాను. నాకు తగులుతుందని మాత్రం అనుకోలేదు. ఐదు నెలల్లో నన్ను ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఏ ఊరు అని కాదు, "మీ షాపు ఎక్కడ?" అని. భారతీయుల్ని అక్కడ "ముహిందీ" అంటారు. వాళ్ళ లెక్కలో ముహిందీ అంటే ఓనరే. మోటారు సైకిల్ టాక్సీ అబ్బాయి తన తమ్ముడికి పని ఇప్పించమన్నాడు. కూరగాయల మనిషి మీ ఇంట్లో వంటకి కుదురుతానంది. టీచర్నమ్మా, పెన్షన్ మీద బతుకుతున్నానని చెప్తే నమ్మలేదు. నెలకి యాభై ఐదు వేలు ఖర్చు పెట్టుకుని ఊరికే తిరుగుతున్న మనిషి, పేదరికం నాకూ తెలుసులే అనడంలో అర్థం లేదని నాకూ మెల్లిగా ఎక్కింది. బిందెల వరసలో నిలబడ్డది నలభై ఏళ్ళ కిందట. ఇక్కడ నేను కౌంటర్‌కి అవతలి వైపు మనిషిని.

మ్వాంజాలో ఆరు వారాలున్నాను. సరస్సు ఒడ్డున పెద్ద పెద్ద బండరాళ్ళు, వాటి మధ్య ఇళ్ళు, హైదరాబాద్ గుర్తొచ్చే ఊరు. అక్కడే మలేరియా వచ్చింది. వేలు గుచ్చి రక్తం చుక్క తీసి పావుగంటలో తేల్చేశారు. మూడు రోజుల్లో ఆరు మోతాదులు మాత్రలు, అవి కాస్త నూనో వెన్నో ఉన్న తిండితో వేసుకుంటేనే ఒంటికి పడతాయి. మా ఇంటావిడ పొద్దున్నే, వాళ్ళ లెక్కలో ఒంటిగంటకి, నూనె కారే చపాతీ పట్టుకొచ్చి మంచం పక్కన కూచుని "పోలే, పోలే సానా" అనేది. మన "అయ్యో పాపం"లో పాపం తీసేస్తే మిగిలే అయ్యో అది. తట్టుకుని పడబోయినా అంటారు, బస్సు తప్పిపోయినా అంటారు. నాకు రెండింటికీ దక్కింది.

ఆవిడే నాకు షికమో నేర్పింది. టాంజానియాలో పెద్దవాళ్ళు ఎదురైతే చిన్నవాళ్ళు "షికమో" అనాలి, మీ పాదాలు పట్టుకుంటున్నాను అని దాని అసలు అర్థం. పెద్దవాళ్ళు "మరహబా" అనాలి. డబ్బు చూడరు, ఉద్యోగం చూడరు, వయసొక్కటే చూస్తారు.

జ్వరం తగ్గాక మినప్పప్పు కోసం ఓ భారతీయుల దుకాణానికి వెళ్ళాను. ఓనర్ కుర్చీ వేయించాడు, టీ తెప్పించాడు, "బహన్‌జీ" అని చాలా ఆప్యాయంగా మాట్లాడాడు. టీ పట్టుకొచ్చిన వాచ్‌మన్‌కి డెబ్బై ఏళ్ళుంటాయి. నేర్చుకున్న మాట కదా, లేచి "షికమో" అన్నాను. ఆయన గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఓనర్ హిందీలో, "వాళ్ళకి అలా చెప్పకండి, నెత్తికెక్కుతారు" అన్నాడు. హిందీలో ఆ మాట వినడం నాకదే మొదలు. తెలుగులో మా ఇంట్లోనే చాలాసార్లు విన్నాను, పాలేరు గురించి, పనిమనిషి గురించి. ఒకటి రెండుసార్లు నేనూ అన్నాను.

వాచ్‌మన్ ఓనర్ వైపు చూశాడు. ఓనర్ ఫోన్ మోగి అటు తిరిగాడు. అప్పుడు గ్లాసు నా చేతికిస్తూ, నాకు మాత్రమే వినపడేట్టు, "మరహబా" అన్నాడు.