ఈగల వెంట వెళ్లిన ఉపమానం

శ్రోతలకు నమస్కారం.

కిటికీలోంచి రెండు ముఖాలు తొంగిచూశాయి. ఆడమనిషి ముఖం దోసకాయలా సన్నగా, పొడుగ్గా ఉంది. మగమనిషిది సొరకాయ బుర్రలా గుండ్రంగా, వెడల్పుగా ఉంది. ఇంతవరకు ఎవరైనా రాస్తారు. రష్యన్ రచయిత నికొలాయ్ గోగోల్ ఇక్కడ ఆగడు. ఆ బుర్రలతో రష్యాలో బాలలైకాలు చేస్తారంటాడు. రెండు తీగల తేలికపాటి వాద్యం అది. దాన్ని ఇరవై ఏళ్ల పల్లెటూరి కుర్రాడొకడు షోకు చేసుకుని, చుట్టూ చేరిన ఆడపిల్లలకు కన్నుకొడుతూ, ఈలవేస్తూ వాయిస్తుంటాడట. ఈలోగా కిటికీలో ముఖాలు మాయమవుతాయి. ఆ కుర్రాడు నవలలో మళ్లీ కనిపించడు.

1842లో మాస్కోలో అచ్చయిన నవల ఇది. కొడవటిగంటి కుటుంబరావుగారు ‘మృతజీవులు’ పేరుతో తెలుగు చేశారు.

బడిలో మనం ఉపమాలంకారం చదువుకున్నాం. ముఖం ఉపమేయం, చంద్రుడు ఉపమానం. పోలిక చెప్పాక చంద్రుడి పని అయిపోతుంది. గోగోల్ దగ్గర ఉపమానానికి ఇల్లూ వాకిలీ, బంధువులూ ఉంటారు. గవర్నరుగారి విందులో నల్లకోట్లవాళ్లు ఈగల్లా తిరుగుతున్నారని చెప్పాలి. అందుకని జులై ఎండలో మనల్ని వేరే ఇంటికి తీసుకెళ్తాడు. తెరిచిన కిటికీ ముందు ముసలావిడ తెల్లటి పంచదార దిమ్మను సుత్తితో కొడుతోంది. ముక్కలు తళతళలాడుతున్నాయి. పిల్లలు చుట్టూ మూగి, ఆవిడ మోటు చేతులు లేవడమే చూస్తున్నారు. ఆవిడకు చూపు సరిగా ఆనదు, పైగా కళ్లలో ఎండ. ఈగలకు ఇంకేం కావాలి! విందు మాట మనం మర్చిపోతాం. నాకు ఆ ముసలావిడ చేతులే గుర్తుండిపోయాయి.

ఇదంతా ఎందుకంటే, నవల పేరులోనే ఒక మాట చిక్కుముడిలా ఉంది. ఆ రోజుల్లో భూస్వామి కింద ఉండే బానిస రైతులను ‘దుషా’ అని లెక్కపెట్టేవారు. దుషా అంటే ఆత్మ. నవల రష్యన్ పేరుకు అర్థం ‘చచ్చిన ఆత్మలు’. ఒక జనాభా లెక్కకూ మరో లెక్కకూ మధ్య చనిపోయినవాళ్లు కాగితాల మీద బతికే ఉంటారు, వాళ్ల తలపన్ను యజమాని కడుతూనే ఉండాలి. నవల నాయకుడు చిచికోవ్ ఆ చచ్చిపోయినవాళ్లను కొనడానికి బయల్దేరాడు. ఆత్మకు చావేమిటని మాస్కో సెన్సారు పెద్ద ఈ పేరుకు అడ్డుపడ్డాడని గోగోల్ ఒక ఉత్తరంలో చెప్పుకున్నాడు.

భూస్వాములకు ఆయన వాడిన పోలికలు చూడండి. సొబాకెవిచ్ ఎలుగుబంటి. అతని ఇంట్లో ప్రతి కుర్చీ ‘నేనూ సొబాకెవిచ్‌నే’ అంటున్నట్టుంటుంది. పిసినారి ప్ల్యూష్కిన్ కళ్లు, పిల్లి పొంచి ఉందేమోనని కన్నంలోంచి మూతి చాచి మీసాలు కదిపే ఎలుకలు. బతికున్న దొరలు వస్తువులూ జంతువులూ అయిపోతే, పోలికలోకి ఊరికే వచ్చిన కుర్రాడూ ముసలావిడా నిండుగా బతుకుతారు. గోగోల్ గుండె ఎవరి పక్కన ఉందో నాకు ఇక్కడే తెలిసింది.

ఏడో అధ్యాయంలో చిచికోవ్ తాను కొన్న పేర్ల జాబితా చదువుకుంటాడు. స్తెపాన్ ప్రోబ్కా, వడ్రంగి. నువ్వెలా పోయావయ్యా అని అతనికే జాలేస్తుంది. నాలుగు డబ్బులు ఎక్కువొస్తాయని చర్చి గుమ్మటం దాకా ఎక్కి, కాలు జారి పడ్డావేమో. పక్కనున్న మిహేయ్ బాబాయి తల గోక్కుని, ‘అయ్యో, ఎంత పని జరిగిందిరా!’ అని, నడుముకు తాడు కట్టుకుని, నీ చోట పని చేయడానికి పైకెక్కి ఉంటాడు.