పుట్ట కింద సేద్యం

శ్రోతలకు నమస్కారం.

కోచింగ్ సెంటర్లు, కొత్త వెంచర్లు, ఏవైనా ఉన్నట్టుండి కనబడితే చాలు, "పుట్టగొడుగుల్లా పుట్టుకొచ్చాయి" అనేస్తాం. నిజానికి పుట్టగొడుగు ఉన్నట్టుండి పుట్టదు. పేరులోనే పుట్ట ఉంది కదా, ఆ పుట్ట లోపలికి వెళ్లి చూద్దాం.

తొలకరి పడి, నాలుగు ఉరుములు ఉరిమాక మా అమ్మ గంప తీసుకుని చేనిగట్టుకు వెళ్లేది. పుట్టగొడుగును లాగేది కాదు, పుల్లతో చుట్టూ మన్ను తీసేది. కాడ లోపలికి, ఇంకా లోపలికి, వేరులా సాగుతూనే ఉండేది. "ఎక్కడికి పోతుందమ్మా?" అంటే "చెదల ఇంటికి" అనేది. ఆ మాట అక్షరాలా నిజమని నాకు చాలా ఏళ్లకు గానీ తెలియలేదు.

చెదలకు ఎండుకట్టె, ఎండుటాకు తిండి. కానీ కట్టెకు గట్టిదనమిచ్చే లిగ్నిన్ వాటికి సొంతంగా అరగదు. అందుకే మన పొలాల్లో పుట్టలు పెట్టే చెదలు వ్యవసాయం చేస్తాయి. అవును, వ్యవసాయమే. నమిలి తిన్న కట్టెను విసర్జించి, దానితో స్పాంజిలాంటి గూడు కడతాయి. ఆ గూడు మీద ఒక శిలీంధ్రం పెరుగుతుంది. దాని పేరు టెర్మిటోమైసిస్. కట్టెను మెత్తబరిచి అరిగేలా చేసేది అదే. గూడు మీద ఆవగింజంత తెల్లటి ఉండలు కాస్తాయి. కూలి చెదలు వాటిని తింటాయి. తిన్న ఉండల్లోని బీజాలు మళ్లీ విసర్జనతో పాటే కొత్త గూడు మీద పడతాయి. తిండీ అదే, విత్తనమూ అదే! వేరే బూజు మొలిస్తే కలుపులా అణిచేస్తాయి. చెదలు వదిలేసి పోతే ఆ కలుపే గూడంతా కమ్మేస్తుంది. ఈ సేద్యం సుమారు 3 కోట్ల ఏళ్లుగా సాగుతోంది. మన సేద్యం మహా అయితే 10, 12 వేల ఏళ్ల మాట.

వానకు నేల నానాక ఆ శిలీంధ్రం పైకి కాడ తోస్తుంది. గొడుగు నడినెత్తిన గట్టి మొన ఉంటుంది, మన్ను చీల్చుకు వచ్చేది దానితోనే. మనం చూసే గొడుగు కాయ లాంటిది. అసలు ఒళ్లు కింద, సన్నటి తెల్ల దారాలుగా ఉంటుంది.

శిలీంధ్రాలన్నీ ఇంచుమించు ఇలాగే కనబడకుండా పనిచేస్తాయి. అవి మొక్కలు కావు, పత్రహరితం లేదు. వాటి కణాల గోడల్లో ఉండే కైటిన్, రొయ్య పెంకులోనూ ఉంటుంది. పడిపోయిన చెట్టు మళ్లీ మన్నవుతోందంటే చాలావరకు వీటి చలవే. రొట్టెను పొంగించే ఈస్ట్, పెన్సిలిన్ ఇచ్చిన బూజు కూడా ఈ కుటుంబమే.

చివరిగా ఒక్క మాట. తెలియని పుట్టగొడుగు తినకండి. దానితో ఉడికించిన వెల్లుల్లి నల్లబడకపోతే మంచిదని, పురుగు తింటే మంచిదని చెబుతారు. నమ్మకండి. అన్నిటికన్నా ప్రమాదకరమైన విషం ఎంత ఉడికించినా పోదు. వాంతులు, విరేచనాలు ఆరు గంటల తర్వాత గానీ మొదలుకావు, కొన్నిసార్లు రోజు కూడా పడుతుంది. మధ్యలో తగ్గినట్టే ఉంటుంది, లోపల లివర్ దెబ్బతింటూ ఉంటుంది. తగ్గింది కదా అని ఇంట్లో ఉండిపోకండి. వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. మిగిలిన పుట్టగొడుగు ముక్క ఒకటి కాగితంలో చుట్టి వెంట తీసుకెళ్లండి, డాక్టరుకు చూపించాలి.