ఆ చుక్క ఎప్పటిది?

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లన్నీ చెప్తూ పోతే నాకిచ్చిన పది నిమిషాలు అయిపోతాయి, మన్నించండి. హన్మకొండలో ఓడల ముచ్చట ఏందని అనుకుంటున్నారేమో. మా చిన్నోడు ఓడలో పని చేస్తాడు, అదీ సంగతి.

ఓడల్లో ఏఐఎస్ అని ఒక పరికరం ఉంటుంది. దేశాల మధ్య తిరిగే 300 గ్రాస్ టన్నులు, ఆపైన ఓడలకు 2004 చివరికల్లా తప్పనిసరి చేశారు. నడిచే ఓడ 2 నుంచి 10 సెకన్లకోసారి తానెక్కడుందో రేడియోలో చెప్తుంది. ఎదురొచ్చే ఓడ గుద్దుకోకుండా పెట్టింది అది, ఇంట్లో కూర్చున్న తల్లుల కోసం కాదు. తీరంలోని యాంటెన్నాకు సుమారు 40 నాటికల్ మైళ్లు దాటితే సాధారణంగా అందదు, ఆ తర్వాత ఉపగ్రహమే దిక్కు.

ఆ సిగ్నళ్లను ఫోన్ యాప్‌లు మ్యాపు మీద ఓడకో చుక్కగా చూపిస్తాయి. 2024 జనవరిలో ఒక రాత్రి చిన్నోడి ఓడ చుక్క అరేబియా సముద్రంలో ఆగిపోయింది. అప్పుడు ఎర్ర సముద్రంలో ఓడల మీద దాడులు, టీవీ పెడితే అవే వార్తలు. చుక్క కదలదు, పక్కన వేగం మాత్రం 12 నాట్లని ఉంది. మా ఇంటావిడ అన్నం ముట్టలేదు, ఫోన్ చార్జింగ్‌కు పెట్టి గోడకు ఆనుకుని తెల్లందాకా అట్లనే కూర్చుంది, సమ్మక్కకు కొడుకెత్తు బంగారం, అదే బెల్లం, మొక్కింది. పొద్దున వాడే ఫోన్ చేసి, "డ్యూటీ దిగి పడుకున్న నాన్నా" అన్నాడు. అప్పుడు చూశాను, చుక్క కింద బూడిదరంగులో, చీమతలంత అక్షరాల్లో, చివరి సిగ్నల్ 9 గంటల కిందటిదని. ఆ ఫిబ్రవరిలోనే మేడారం పోయి మొక్కు తీర్చాం.

పిల్లలూ, ఇది వినండి. ఆ పరికరానికి అక్షాంశం తెలియకపోతే 91 అని పంపాలి, వేగం తెలియకపోతే 102.3. భూమ్మీద 91 డిగ్రీల అక్షాంశమే లేదు కదా, అంటే "నాకు తెల్వదు" అని చెప్పడం దానికి నేర్పారు! మన యాప్‌లకు ఎందుకు నేర్పం? కాజీపేట ప్లాట్‌ఫారం మీద నిలబడితే యాప్‌లో రైలు వచ్చేసి ఉంటుంది, పట్టాల మీద ఉండదు. అంచనా వేసిన చుక్కకూ నిజంగా అందిన చుక్కకూ ఒకటే రంగు వేస్తే ఎట్లా?

స్థానం 10 మీటర్లలోపు సరిగ్గా ఉందా లేదా అని ఓడే ఒక గుర్తు పంపుతుంది. దాన్నీ గుడ్డిగా నమ్మొద్దు. 2021 జూన్‌లో ఒక బ్రిటన్, ఒక డచ్ యుద్ధనౌక రష్యా నౌకాదళ స్థావరమున్న సెవాస్టోపోల్ దగ్గరున్నట్టు మ్యాపుల్లో కనిపించాయి, అదే టైంలో యుక్రెయిన్‌లోని ఒడెస్సా రేవు కెమెరాల్లో అవి కట్టేసి ఉన్నాయి. ఓడ ఎటు పోతుందో చెప్పే గమ్యం గడి సంగతైతే మనిషి చేత్తో టైపు చేసేదే, ఎర్ర సముద్రంలో కొన్ని ఓడలు ఆ గడిలో "సాయుధ కాపలా ఉంది" అని రాసుకున్నాయి.

అందుకే అడుగుతున్నాను, చుక్క పక్కన దాని వయసు పెద్దక్షరాల్లో రాయండి. తీరం నుంచి వచ్చిందా, ఉపగ్రహం నుంచా, లెక్కగట్టిందా, అదీ రాయండి. ఫైనలియర్ పిల్లలు కాసేపు ఆగండి, ఆ రాత్రి స్క్రీన్‌షాట్ నా ఫోన్‌లో ఉంది, ఆ అక్షరాలెంత చిన్నగా ఉన్నాయో చూద్దురు గానీ.